వద్దనని అమ్మాయి

నేను రిటైరైన రోజు మా ఆరోగ్య కేంద్రంలో చిన్న సభ పెట్టారు. మా డాక్టరు గారు నా గురించి మూడు నిమిషాలు మాట్లాడారు. అందులో రెండుసార్లు నా పేరు తప్పు పలికారు. ‘ఎప్పుడూ చిరునవ్వుతో సేవ చేసిన నర్సమ్మ’ అన్నారు. ముప్పై నాలుగేళ్ళలో నేను చిరునవ్వుతో చేసిన పని ఒక్కటీ లేదని ఆ గదిలో కూర్చున్న ఆశా కార్యకర్తలందరికీ తెలుసు. వాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు. శాలువా కప్పుతుండగా ఆయనకు ఫోన్ వచ్చింది. సగం కప్పి బయటికి వెళ్ళారు. మిగతా సగం నేనే కప్పుకున్నాను.

ఇలాంటివి నేను మరిచిపోను. మరిచిపొమ్మని మా ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆయన చెప్పిన తేదీలు కూడా నాకు గుర్తున్నాయి.

ఇప్పుడు ఏఎన్ఎం ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. రిజిస్టర్లు ఎలా నింపాలో, ఆన్‌లైన్‌లో ఏ బొమ్మ మీద నొక్కాలో మీకు ట్రైనింగులో చెప్తారు. బదిలీల సంగతి మీ యూనియన్ వాళ్ళు చెప్తారు. నేను చెప్పేది ఒక్క అమ్మాయి గురించి. నెల తప్పిన కొత్తలో కరోనా టీకా వేసుకోవాలా వద్దా అని ఆమె నన్ను అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ముందు నా మొదటి పోస్టింగు గురించి చెప్పాలి.

హొళగుంద వైపు

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. హొళగుంద మండలంలో ఒక పల్లె సబ్‌సెంటర్ ఇచ్చారు. అక్కడ ఒక ఇంట్లో తెలుగు, పక్క ఇంట్లో కన్నడం. ఒక కొత్త కోడలికి నెల తప్పి రెండు నెలలైంది. పద్ధతి ప్రకారం ధనుర్వాతం సూది వేశాను. ఆరో రోజు ఆమెకు గర్భం పోయింది.

మొదటి మూడు నెలల్లో గర్భం పోవడం సూదితో పని లేకుండానే చాలామందికి జరుగుతుంది. కారణం చాలాసార్లు ఎవరికీ తెలియదు. ఆ మాట నేను చెప్పబోతే ఆమె అత్త చెయ్యి అడ్డం పెట్టింది. “సాకమ్మా, సాకు. నువ్వు పొడిసేదాకా బాగుండె,” అంది. ‘సాకు’ అంటే ఇక చాలు అని. వాళ్ళతో పాటు ఇరవై మంది వచ్చారు. సబ్‌సెంటర్ తలుపు మీద రాళ్ళు పడ్డాయి.

మరునాడు మా ఆఫీసరు జీపులో వచ్చాడు. పంచాయతీ ఆఫీసు ముందు నన్ను నిలబెట్టి, క్షమాపణ చెప్పమన్నాడు.

“సార్, అది సూది వల్ల కాదు,” అన్నాను.

“నాకు తెలుసు. అయినా చెప్పు.”

చెప్పాను. ఊరంతా చూస్తుండగా చేతులు జోడించి చెప్పాను. ఆయన జీపెక్కి, అద్దం దించి, “ఇంకముందు రెండు మూడు నెలల వాళ్ళ జోలికి పోవద్దు, ఎందుకొచ్చిన కిరికిరి,” అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నేను నేర్చుకున్నది తప్పు పాఠమని నాకు ముప్పై ఏళ్ళ వరకు తెలియలేదు. మనం వేసిన సూదికి మనం బాధ్యులం. వేయని సూదికి ఎవరూ బాధ్యులు కారు. సూది వేసిన తర్వాత ఏదైనా జరిగితే ఇరవై మంది వస్తారు. వేయకపోవడం వల్ల జరిగితే ఆ మనిషి ఒక్కతే ఇంట్లో కూర్చుని ఏడుస్తుంది. మన శాఖలో చాలామంది ఈ లెక్క మీదనే ఉద్యోగం దాటేస్తారు. నేనూ దాటేశాను.

చెప్పని మూడు నెలలు

మీలో చాలామంది ఈ ప్రాంతం వాళ్ళు కాకపోవచ్చు, అందుకని చెప్తున్నాను. మా పల్లెల్లో మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి నోటితో చెప్పరు. భర్తకు తెలుస్తుంది. అత్తకు కొన్నిసార్లు తెలుస్తుంది, తెలిసినా తెలియనట్టు ఉంటుంది. బయటికి చెప్తే నిలబడదని వాళ్ళ భయం. వాంతి వస్తే పైత్యం అంటారు. పని తగ్గిస్తే నడుము పట్టిందంటారు.

నర్సుకు మాత్రం తెలియాలి కదా. దానికి ఒక దారి ఉంది. ఆమె సబ్‌సెంటర్‌కు వచ్చి, “అక్కా, నీరసంగా ఉండాది, మాత్రలుంటే ఇయ్యి,” అని నిలబడుతుంది. కూర్చోదు. మనం ముఖం చూడాలి. చూసి, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మామూలు కవర్లో పెట్టి ఇచ్చి, “రోజుకొకటి, అన్నం తిన్నాక,” అనాలి. ఎన్నో వారమో పక్కన ఎవరూ లేనప్పుడు అడగాలి. రిజిస్టర్లో పేరు మూడు నెలలయ్యాక ఎక్కించాలి. పైవాళ్ళు ముందే ఎందుకు నమోదు చేయలేదని కేకలేస్తారు. వెయ్యనివ్వండి. నేను అలా మనసులో పెట్టుకున్న పేర్లు వందల్లో ఉంటాయి. ఒక్కటి కూడా బయటపెట్టలేదని గర్వంగా ఉండేది. ఆ గర్వం ఒక రోజు పోయింది.

ఆ అమ్మాయిని సువర్ణ అంటాను. అసలు పేరు వేరు. ఎమ్మిగనూరుకు ఆటోలో పావుగంట దూరంలో ఉన్న నేతగాళ్ళ పల్లె. భర్త గుంత మగ్గం మీద కూర్చునేవాడు, ఆమె రాట్నం తిప్పి మగ్గానికి నూలు కండెలు చుట్టేది. పెళ్ళయిన నాలుగేళ్ళకు నెల తప్పింది. మగ్గం పక్కన తిరిగేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళంతా ఆమె నడుము వంక చూసి చూసి విసిగిపోయి ఉన్న సమయం.

అది రెండోసారి కరోనా వచ్చి వెళ్ళిన ఏడాది. వెళ్ళిందని మేం అనుకున్నాం, ఇంకా పూర్తిగా వెళ్ళలేదు. మాధవరంలో సువర్ణ వదిన ఏడో నెల గర్భంతో ఆ రోగంతోనే పోయింది. శవాన్ని కూడా సరిగా చూడనివ్వలేదట. ఆ అమ్మాయికి టీకా గురించి భయం ఉంది, కానీ రోగం గురించి అంతకంటే ఎక్కువ భయం ఉంది.

నీ బిడ్డయితే

మొదట్లో గర్భిణులకు టీకా వద్దన్నారు. కొన్ని నెలల తర్వాత ఉత్తర్వు మారింది. గర్భిణులకు ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు, లాభనష్టాలు వివరించి చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటే ఇవ్వండి అన్నారు. ఆ కాగితం నేను రెండుసార్లు చదివాను. కరోనా వస్తే గర్భిణికి మామూలు ఆడవాళ్ళకంటే ఎక్కువ ముప్పు అని కూడా దాంట్లో ఉంది.

ఆ వారంలోనే సువర్ణ వచ్చింది. ఎప్పటిలాగే నిలబడింది. నీరసం అంది. నేను ఆశా కార్యకర్త షమీమ్‌ను బయటికి పంపించి కూర్చోబెట్టాను.

“ఎన్నో వారం?”

“ఏడు నిండినాయక్కా. ఇంట్ల ఎవురికీ తెల్దు. మా ఆయనకి మాత్రం సెప్పినా.”

“ఆయన ఏమన్నాడు?”

“ఆయప్ప ఏమంటాడు. కండె అయిపోయింది ఇంగోటి ఇయ్యి అన్యాడు.” నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. “సూది ఏసుకోవాల్నా వద్దా అక్కా? టీవీలో ఏసుకోమంటాండారు. మా వీధిలో ఏసుకుంటే కడుపు నిలవదంటాండారు. మా వదిన సంగతి నీకు తెలుసు గదా. నాకు రెండు పక్కలా భయంగానే ఉండాది.”

“అత్తను అడిగావా?”

“అత్తనడగాలంటే ముందు కడుపు సంగతి సెప్పాల గదక్కా. మూడు నెలలు నిండకనే యెట్ల సెప్పేది.” కాసేపు కొంగు మెలిపెట్టింది. “నీ బిడ్డయితే ఏం సెప్తావో అది సెప్పు. ఇంగేమీ వద్దు.”

నాకు పిల్లలు లేరు. ఆమె ఆ మాట నన్ను నొప్పించాలని అనలేదు. ఆమె అడిగిన దానికి నా దగ్గర జవాబు ఉంది. నా బిడ్డయితే నేను చేయి పట్టుకుని తీసుకుపోయి వేయించేదాన్ని. జ్వరం వస్తే ఫలానా మాత్ర వేసుకో అని చెప్పేదాన్ని. మొదటి నెలల్లో గర్భం పోతే అది టీకా వల్లే అనుకోవద్దని ముందే చెప్పేదాన్ని. ఇంత చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది.

“పెద్దసారును అడిగి చెప్తాలే,” అన్నాను.

హొళగుంద పంచాయతీ ఆఫీసు ముందు చేతులు జోడించిన మనిషి ఆ మాట అంది.

మా డాక్టరు గారు కుర్రవాడు. వయసులో నా కొడుకంత అనను, నాకు కొడుకు లేడు కాబట్టి. కేంద్రంలో నాలుగు కుర్చీలుంటే అందులో ఒకటి నాకని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. నిలబడే అడిగాను.

“మూడు నెలలు దాటాక చూద్దామనండి,” అన్నారు.

“ఉత్తర్వులో ఏ నెలలోనైనా అని ఉంది సార్.”

“చదివారా? సంతోషం. మీరు డాక్టరా?”

ల్యాబ్ టెక్నీషియన్ నవ్వాడు. ఫార్మసిస్టు నవ్వు ఆపుకోవడానికి మాత్రల డబ్బా సర్దాడు. డాక్టరు గారు కొంచెం మెత్తబడి, “చూడమ్మా, ఇచ్చాక ఏదైనా అయితే మన మీదికొస్తారు. ఇవ్వకపోతే ఎవరొస్తారు?” అన్నారు.

మొదటి మూడు నెలలు ఆగడం మంచిదని ఆ రోజుల్లో జాగ్రత్త కోసం చెప్పిన డాక్టర్లు ఉన్నారు. ఆయన ఆ కారణం చెప్పి ఉంటే నేను ఇక్కడ ఆయనను అనేదాన్ని కాదు. ఆయన చెప్పిన కారణం అది కాదు. హొళగుంద ఆఫీసరు జీపు అద్దం దించి చెప్పిన కారణమే. నేను ఎదురు చెప్పాల్సింది. చెప్పకుండా ముఖం ముడుచుకుని వచ్చేశాను. ‘మీరు డాక్టరా’ అన్న మాట మూడు రోజులు నా చెవిలో తిరిగింది. ఆ మూడు రోజులు సువర్ణ నాకు గుర్తు రాలేదు. ఆమె మళ్ళీ ఒకసారి వచ్చి వెళ్ళిందని షమీమ్ చెప్పింది. రేపు చూద్దాంలే అన్నాను.

బడిలో శిబిరం

తర్వాతి వారం ఆ పల్లె బడిలో టీకా శిబిరం పెట్టాం. సూది వేసుకోకపోతే రేషన్ ఆపుతారని ఎవరో పుకారు లేపారు. జనం బాగా వచ్చారు. వరండాలో వరుస, చివర బల్ల. బల్ల దగ్గర ఒకతను ఆధార్ నంబరు, ఫోన్ నంబరు రాసుకుని, ఆడవాళ్ళను మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతున్నాడు. “గర్భమా?” అని, వరండా అంతా వినబడేటట్టు. కొత్తగా నెల తప్పిన వాళ్ళెవరూ అవునని చెప్పరని అతనికి తెలియదు. నాకు తెలుసు. నేను అతనికి చెప్పలేదు.

సువర్ణ అత్త నాగమ్మ ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చింది. తను వేయించుకుంది, కొడుక్కు వేయించింది, తర్వాత కోడలు వరుసలో ఉంటే ముందుకు వచ్చి ఆమె వివరాలు తనే చెప్పింది.

“గర్భమా?”

“యాడిదప్పా,” అంది నాగమ్మ. “నాలుగేండ్లాయ, దేవుడింగా కండ్లు తెరవల్య.”

వెనకాల ఎవరో నవ్వారు. సువర్ణ తల వంచుకుంది. జాకెట్టు చేయి పైకి మడిచి ఉంది. ఆమె నిర్ణయించుకుంది. ఆ సంగతి నేను చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. ఎవరూ చెప్పకపోయినా, అడిగిన మనిషి జవాబు ఇవ్వకపోయినా, ఆ పిల్ల తనంతట తను ఆలోచించుకుని వచ్చి నిలబడింది.

నేను చేయగలిగినవి రెండున్నాయి. ఆమెను పక్క గదిలోకి పిలిచి, చెప్పాల్సింది చెప్పి, ఒప్పుకుంటే వేయించడం ఒకటి. ఉత్తర్వు చెప్పింది అదే. ఏమీ మాట్లాడకుండా ఊరుకోవడం రెండోది. అది సరైన పద్ధతి కాకపోయినా, సూదైనా పడేది. నేను ఈ రెండూ చేయలేదు. వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుని వరుసలోంచి లాగాను.

“నీకిప్పుడు వద్దమ్మా. మూడు నెలలు నిండనీ, చూద్దాం.”

గట్టిగానే అన్నాను. డాక్టరు గారు కిటికీ అవతల ఉన్నారు, ఆయనకు వినబడాలని కూడా అన్నాను. ఆయన చెప్పినట్టే చేస్తున్నానని తెలియాలి కదా. వరుసలో వాళ్ళంతా ఇటు తిరిగారు.

నాగమ్మ నా ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది.

“ఏం మాట్లాడ్తాండావు నర్సమ్మా?”

సువర్ణ నా చేయి విడిపించుకుని ముఖం కొంగులో పెట్టుకుంది.

“నా కోడలు నాకు సెప్పకముందే నువ్వు ఊరికి సాటింపేస్తివే,” అంది నాగమ్మ. అరవలేదు. అరిచి ఉంటే నేను మరిచిపోయేదాన్నేమో. “కడుపు పండినోళ్ళకు తెలుస్తాది, ఏది దాసుకోవాల్నో ఏది సెప్పుకోవాల్నో. నీకేం తెలుస్తాదిలే.”

కోడలి భుజం పట్టుకుని వెళ్ళిపోయింది. డాక్టరు గారు కిటికీలోంచి, “ఏమైంది, లైను ఆపకండి,” అన్నారు.

నేను ఆగని ఇల్లు

‘నర్సమ్మే లైన్లోంచి లాగేసింది’ అన్న మాట ఆ సాయంత్రానికే చుట్టుపక్కల పల్లెలకు పోయింది. నెలలు నిండిన వాళ్ళు కూడా శిబిరాలకు రావడం మానేశారు. సూదిలో ఏమీ లేకపోతే నర్సమ్మ ఎందుకు లాగుతుందని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. టీవీలో పెద్ద డాక్టర్లు ఎన్ని చెప్పినా, నేను పట్టుకున్న ఆ మణికట్టే వాళ్ళకు గట్టి సాక్ష్యం.

సువర్ణకు మూడు నెలలు నిండాయి. రాలేదు.

ప్రతి బుధవారం నేను ఆ వీధిలోకి వెళ్ళేదాన్ని. పసిపిల్లల టీకాలకు, బీపీ మాత్రలకు అన్ని ఇళ్ళ ముందూ ఆగేదాన్ని. ఆ ఒక్క ఇంటి ముందు ఆగేదాన్ని కాదు. లోపల మగ్గం చప్పుడు వినబడేది. చప్పుడు ఆగేది కూడా. నేను పోతున్నానని వాళ్ళకు తెలుసు, వాళ్ళు చూస్తున్నారని నాకు తెలుసు.

షమీమ్ నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. ఒక రోజు వీధి మలుపులో నన్ను ఆపింది.

“అక్కా, ఆ పాపకు నాలుగో నెల పడింది. నువ్వు పోయి ఒక్క మాట సెప్తే ఏసుకుంటాది.”

“వాళ్ళనే రానీ.”

“వాళ్ళు రారక్కా. నువ్వు లాగినావు గదా, నువ్వే పోవాల.”

“నన్నేమన్నదో విన్నావా నువ్వు?”

“ఇన్న్యా. ఊరంతా ఇన్న్యారు. ఆయమ్మ ఒక మాటంటే నీ పానం పోయిందా ఏమన్నా?”

“పోయింది.”

షమీమ్ నా వంక చూసి, “అయితే నేనే పోతాలే, నాకు పానం గట్టిది,” అని వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది.

“ఏమంటోంది?”

“వద్దనింది ఆమెనే, ఏసుకోమనేకీ ఆమెనే రావాల అంటాంది నాగమ్మ. ఇంగో మాట గూడా అనింది. ఆ పొద్దు నోరు జారినాను, నర్సమ్మొస్తే సెప్పుకుంటా అనింది.”

నేను ఇంకో వారం ఆగాలనుకున్నాను. అలా ఐదు వారాలు ఆగాను. వాళ్ళ గుమ్మం నా దారికి పది అడుగులు. ఆ పది అడుగులు వేస్తే నేను చిన్నదాన్నవుతాననుకున్నాను. పై ఆఫీసర్లు చేసిన అవమానాలకు నేను ఏమీ చేయలేకపోయాను. వాటన్నిటి మీది కోపం తీర్చుకోవడానికి నాకు దొరికింది ఒక నేతగాళ్ళ ముసలమ్మ. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు పౌరుషం అనుకున్నాను.

ఆదోనిలో

ఆరో నెల మొదట్లో సువర్ణకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. నాలుగో రోజుకు మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. భర్త ఆటోలో ఎమ్మిగనూరు, అక్కడ నుంచి అంబులెన్సులో ఆదోని తీసుకుపోయాడు. ఆక్సిజన్ పెట్టారు. అక్కడి వాళ్ళు చేయగలిగిందంతా చేశారు, ఆ మాట చెప్పాలి. పదహారు రోజులు ఉంది. ఐదో రోజున కడుపులో బిడ్డ గుండె ఆగిపోయింది.

ఆ మరునాడు నేను వెళ్ళాను. నాగమ్మ గేటు బయట సిమెంటు గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసింది. కొంచెం పక్కకు జరిగింది, కూర్చోమన్నట్టు. నేను కూర్చోలేదు. లోపలికి పోనివ్వరని తెలిసీ లోపలికి నడిచాను.

ఒక్క సూది పడి ఉంటే ఆ బిడ్డ బతికేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. టీకా వేసుకున్నా రోగం వచ్చిన వాళ్ళున్నారు. వేసుకున్న వాళ్ళలో ఇంత ముదిరింది తక్కువ, అంతవరకే నాకు తెలుసు. ఆమెకు ఉన్న ఆ కాస్త అవకాశం ఆమె తనకు తానే తీసుకోబోయింది, నేను తీసేశాను. దీనికి మాత్రం ప్రమాణం చేయగలను.

కాగితం మీద

గర్భిణికి కరోనా వచ్చి ఇలా జరిగితే పైకి ఒక నివేదిక పంపాలి. టీకా వేసుకున్నారా, లేకపోతే ఎందుకు వేసుకోలేదు అని అందులో ఒక గడి. నేను దాన్ని ఖాళీగా వదిలి డాక్టరు గారి ముందు పెట్టాను.

“కుటుంబం నిరాకరించింది అని రాయండి,” అన్నారు.

“నిరాకరించలేదు సార్. ఆ రోజు వచ్చింది.”

“మరి ఏమని రాస్తారు? మీరు లాగేశారని రాస్తారా?” నా ముఖం చూశారు. “రాస్తే రాయండి. నాకేం ఇబ్బంది లేదు. లాగింది నేను కాదు కదా.”

మూడు నెలలు ఆగమన్నది మీరేనని అనవచ్చు. నోటి మాటకు సాక్ష్యం లేదు. ఉత్తర్వు కాగితం మీద ఉంది, దాన్ని చదివిన మనిషిని నేను. అప్పటికి నా సర్వీసు రెండేళ్ళు మిగిలి ఉంది.

‘కుటుంబం నిరాకరించింది’ అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. ఆయన కింద సంతకం పెట్టి, “టీ తాగారా?” అని అడిగారు. నా సర్వీసులో ఆయన నన్ను ఆ మాట అడిగింది ఆ ఒక్కసారే.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇది. నివేదికల్లో ‘నిరాకరించారు’ అని రాసి ఉన్న ఆడవాళ్ళ పేర్లు మీరు చాలా చూస్తారు. చదువు లేదు, మూఢనమ్మకం అని మీటింగుల్లో వాళ్ళ గురించి మాట్లాడతారు. ఆ పేర్లలో కొన్ని మనం నింపినవి. ఎవరైనా మిమ్మల్ని అడిగితే జవాబు చెప్పండి. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి, నిర్ణయం ఆమెకు వదలండి. పెద్దసారును అడిగి చెప్తానన్నది జవాబు కాదు.

పోయిన ఏడాది

సువర్ణకు తర్వాత ఏడాదిన్నరకు ఆడపిల్ల పుట్టింది. ఆ తొమ్మిది నెలలూ ఆమె మా కేంద్రం గేటు ముందు నుంచే ఆటోలో ఎమ్మిగనూరు వెళ్ళి చూపించుకునేది. ఆటో గేటు దాటేటప్పుడు ఆమె ముఖం అవతలికి తిప్పుకునేది. అది నాకు కోపం తెప్పించింది. తర్వాత నాకే నవ్వొచ్చింది. అవమానాలు గుర్తు పెట్టుకునే హక్కు నా ఒక్కదానిదే అనుకున్నాను మరి.

రిటైరైన కొన్ని నెలలకు, పోయిన ఏడాది, వాళ్ళింటికి వెళ్ళాను. పగటిపూట. మగ్గం ఖాళీగా ఉంది, భర్త నూలు తేవడానికి ఎమ్మిగనూరు పోయాడట. సువర్ణ రాట్నం దగ్గర ఉంది. నాగమ్మ గోడకు ఆనుకుని మనవరాలికి బొరుగులు తినిపిస్తోంది.

“రా నర్సమ్మా,” అంది. “ఇన్నేండ్లకు దారి తెలిసిందా.”

కూర్చున్నాను. నీళ్ళిచ్చారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, చెప్పాలనుకున్నది ఒక్కసారిగా చెప్పేశాను. సువర్ణ టీకా వద్దన్నదని, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదని కాగితం మీద రాసి పైకి పంపామని.

రాట్నం ఆగింది.

“ఎవురు రాసిరి?” అంది సువర్ణ.

“నేనే.”

“మేం వద్దంటిమా?” అంది నాగమ్మ. “నేను దగ్గరుండి పేరు రాపిస్తి గదా. వద్దంటిమా మేము?”

“అనలేదు.”

“ఆ కాగితం ఎనక్కి తెప్పీ.”

“తెప్పించలేనమ్మా. నేనిప్పుడు ఉద్యోగంలో లేను. ఉన్నప్పుడైనా తెప్పించలేను.”

నాగమ్మ బొరుగుల గిన్నె కింద పెట్టింది. “ఆ పొద్దు నేను నిన్ను అనరాని మాట అన్యా. తప్పే. ఆ పొద్దునుంచి సెప్పాలనే ఉండాది. ఇప్పుడు సెప్తాండా. నువ్వు రాసిందానికి ఏం జేస్తావు?”

ఆ క్షమాపణ కోసం నేను కొన్నేళ్ళు ఎదురు చూశాను. వీధిలో, బస్సులో, వంటింట్లో ఆమె ఆ మాట అంటున్నట్టు, నేను పెద్దమనసుతో సరేలే అంటున్నట్టు ఊహించుకున్నాను. నిజంగా అన్నప్పుడు, దాని వెనకే ఆమె అడిగిన ప్రశ్నే నా చెవిలో పడింది. పాప బొరుగులు ఏరుకుని తింటోంది.

“ఇట్లాంటివన్నీ రాద్దామనుకుంటున్నాను,” అన్నాను చివరికి. “ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే అమ్మాయిల కోసం. నీ పేరు పెట్టను.”

సువర్ణ కండె తీసి బుట్టలో వేసి, ఇంకోటి ఎక్కించింది.

“రెండు గంటలు నిలబడినా అక్కా ఆ పొద్దు,” అంది, నూలు వంకే చూస్తూ. “వాంతికొస్తాంటే కొంగు నోట్లో కుక్కుకొని నిలబడినా, ఎవురికీ తెలీకూడదని. నా ముందర ఇద్దరే ఉండిరి. రాసేదాన్వి గదా, అది గూడా రాయి.”